పక్కింటి ఆటగాడికి నేను చదివిన అంకెలు

నాకు ఆ ఆటంటే మొదటిరోజు నుంచీ రోత. ఇప్పటికీ రోతే. అటు పదమూడుమంది, ఇటు పదమూడుమంది కండలు తిరిగిన మగవాళ్ళు నిలబడి, కోలగా ఉండే ఒక బంతి కోసం ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకుంటారు. పళ్ళు రాలకుండా నోట్లో పెట్టుకునే రబ్బరు తొడుగుని ఎంగిలి తీగలు సాగుతుండగా బయటికి తీసి మేజోట్లో దోపుకుంటారు. కాసేపటికి దాన్నే మళ్ళీ నోట్లో పెట్టుకుంటారు. గడ్డి మీద ఉమ్మేస్తారు, ఆ గడ్డి మీదే మొహం ఆనించి పడతారు. చూసేవాళ్ళు ఒక చేత్తో మాంసం కూరిన పై అనే రొట్టె, ఇంకో చేత్తో బీరు పట్టుకుని, ఎవడి తల ఎవడి మోకాలికి తగిలితే అంత గట్టిగా అరుస్తారు. సగం తిన్న రొట్టెని కుర్చీ కింద పారేస్తారు. ఇక్కడ సిడ్నీలో దీన్ని ఫుటీ అంటారు. మా కెల్లీవిల్‌లో మన తెలుగువాళ్ళు కూడా వచ్చిన రెండో ఏటికల్లా మెడలో జట్టు రంగు కండువా వేసుకుని ఫుటీ ఫుటీ అని తిరుగుతారు.

ఈ రోత నాకు దూరంగా ఉండుంటే రాయాల్సిన పనిలేదు. నా చేతికీ అంటింది కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి దాకా. వంకరగా ఉన్నచోట మా అమ్మాయిని దిద్దమన్నాను. మాట మార్చొద్దని మాత్రం చెప్పాను.

నేను సిడ్నీ వచ్చి ఆరేళ్ళయింది. మా అమ్మాయి డాక్టరు. అల్లుడిది ఆఫీసు ఉద్యోగం. మనవరాలు బడికి పోతుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. వాళ్ళు వెలిగించి వదిలేసిన లైట్లన్నీ ఆర్పుకుంటూ తిరగడం నా మొదటి పని.

మూడేళ్ళ కింద మా పక్కింట్లోకి సమోవా వాళ్ళు దిగారు. సమోవా ఎక్కడుందని అడిగితే మా అమ్మాయి ఫోనులో మ్యాపు తీసి చూపించింది. సముద్రం మధ్యలో ధనియాలు రాలినట్టున్నాయి ఆ దీవులు. వచ్చింది తల్లీ, కొడుకూ. తల్లి నాకంటే రెండేళ్ళు చిన్నదేమో. కొడుక్కి ముప్ఫై ఇంకా నిండలేదు, పెళ్ళి కాలేదు. ఆ ఫుటీ ఆడటమే అతని ఉద్యోగం. మా గుమ్మంలోంచి లోపలికి రావాలంటే కాస్త పక్కకి తిరగాలి, అంత మనిషి. ఎడమ చెవి నలిగి నలిగి ఎండిన చింతపండు ముద్దలా ఉండేది.

మొదటిసారి మా ఇంటికొచ్చినరోజు, కొరియర్ వాడు పొరపాటున వాళ్ళ గుమ్మంలో వేసిపోయిన మా బియ్యం బస్తా మోసుకొచ్చాడు. నేను హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. వంటగదిలోకి పోవాలంటే నా ముందు నుంచే పోవాలి. భుజం మీద బస్తాతోనే అంత మనిషీ నడుము సగానికి వంచి, ఒక చెయ్యి నేలవైపు చాపి, "తులోవు, తులోవు" అంటూ దాటాడు. కూర్చున్న పెద్దవాళ్ళ ముందు నుంచి నిటారుగా నడవకూడదట వాళ్ళలో. తులోవు అంటే మన్నించండి అని. మా మనవరాలు నా కాళ్ళ మీదుగా దూకిపోతుంది. ఆ ఒక్క వంగడంతో ఆ అబ్బాయి మీద నాకు మంచి అభిప్రాయం పడిపోయింది. తర్వాత నా కళ్ళు మూసింది ఆ అభిప్రాయమే.

మా మనవరాలు పిలవగా విని అతనూ నన్ను అమ్మమ్మా అనేవాడు. అతను మాట్లాడేది ఇంగ్లీషు, నేను మాట్లాడేది సగం తెలుగు, సగం నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు. అయినా అర్థమయ్యేది. నేను పెరట్లో గోంగూర కోస్తుంటే అతను ఫెన్సుకి అవతల మోకాలికి ఐసు సంచి కట్టుకుని కూర్చునేవాడు. అలా ముక్కలు ముక్కలుగా అతని బతుకు నాకు తెలిసింది.

పుట్టింది సముద్రం ఒడ్డున. వాళ్ళ ఇంటికి గోడలుండవట, స్తంభాలూ పైకప్పూ మాత్రమే. తొమ్మిదిమంది పిల్లల్లో ఇతను ఆరోవాడు. ఒలవని కొబ్బరికాయని బంతిగా చేసుకుని ఉత్తకాళ్ళతో ఆడేవాడు. పదమూడేళ్ళప్పుడు న్యూజిలాండ్ నుంచి ఒక బడి మనిషి వచ్చి, పిల్లల్ని పరుగెత్తించి చూసి, ఇతన్ని ఎంచి తీసుకెళ్ళాడు. అక్కడ మేనత్త గరాజ్‌లో ఇంకో నలుగురు పిల్లలతో పడుకునేవాడు. పదహారేళ్ళకి సిడ్నీ క్లబ్బు వాళ్ళు వచ్చి అక్కణ్ణించి తెచ్చారు. పంతొమ్మిదేళ్ళకి పెద్ద జట్టులోకి ఎక్కాడు. పదేళ్ళుగా ఆడుతున్నాడు. భుజానికి రెండుసార్లు కోత, దవడలో రేకు, మోకాలికి లెక్కలేనన్ని సూదులు. నొప్పి తెలియకుండా సూది పొడిచి ఆడించేవాళ్ళట. నెలకోసారి పట్టకారు లాంటిదాంతో పొట్ట మీద చర్మం పట్టుకుని కొవ్వెంతుందో కొలుస్తారట.

"మా ఊళ్ళో ఒంగోలు గిత్తని కొనేటప్పుడు ఇట్టాగే చూస్తారు. పళ్ళు చూస్తారు, గంగడోలు చూస్తారు, నడిపించి చూస్తారు" అన్నాను. నా ఇంగ్లీషులో ఎంత చెప్పగలనో అంతా చెప్పి, చేతులతో కొమ్ములు కూడా చూపించాను.

అతను పగలబడి నవ్వాడు. "కొన్నాక ఆ గిత్తకి మంచి తిండి పెడతారా అమ్మమ్మా?"

"పెడతారు. పనిచేసినంత కాలం పెడతారు."

నవ్వాపి ఐసు సంచి సర్దుకున్నాడు.

తల్లి మంచిదే. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చాక, చేమాకు కొబ్బరిపాలల్లో ఉడికించి ఒక పళ్ళెం మాకు పంపేది. నేను ఆ పళ్ళాన్ని ఖాళీగా తిప్పి పంపేదాన్ని కాదు. పులిహోరో, గారెలో పెట్టేదాన్ని. ఆమెకి నాకంటే తక్కువ ఇంగ్లీషు. ఫెన్సు దగ్గర ఇద్దరం నిలబడి తలలూపుకునేవాళ్ళం.

పోయిన జనవరిలో, ఇక్కడ మంచి ఎండలు కాసే నెలలో, అతను ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అమ్మమ్మా, నాకు ఎగ్జామ్ ఉంది. మీరు ఈ నంబర్లు చదవాలి. నేను వాటిని వెనకనుంచి చెప్పాలి."

కాగితం నిండా అంకెలు, వరుసలు వరుసలుగా. కొన్ని వరుసల్లో నాలుగు, కొన్నిట్లో ఐదు, అలా ఏడు దాకా. పరీక్ష అనగానే నాకు మనసు కరిగింది. నన్ను నాలుగో తరగతితో మాన్పించారు. పదమూడో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పమని మా పంతులు బెత్తం పట్టుకుని నిలబడటం ఇంకా గుర్తుంది. ఇంత వయసొచ్చాక, ఇంత ఒళ్ళు పెట్టుకుని, ఈ అబ్బాయి పరీక్షకి చదువుకుంటానంటే కాదంటానా?

"మీ అమ్మ చదవదా?" అని మాత్రం అడిగాను.

"అమ్మ ఇలాంటివాటికి కూర్చోదు. ఇంక ఎవరికీ చెప్పొద్దు అమ్మమ్మా. సిగ్గు."

సిగ్గంటే నేను నమ్మాను.

వారానికి మూడు మధ్యాహ్నాలు వంటగది బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఫోర్, నైన్, త్రీ, సెవెన్ అని నేను చదవడం, సెవెన్, త్రీ, నైన్, ఫోర్ అని అతను చెప్పడం. ఆ తర్వాత నేను ఐదు మాటలు చెప్పాలి. గొడుగు, నిమ్మకాయ, రైలు, సబ్బు, కుర్చీ అని నాకు తోచినవి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. పది నిమిషాలయ్యాక అతను వాటిని గుర్తుచేసుకోవాలి. ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడేవాడు.

మొదటిరోజు ఏడంకెలు ఒక్క తప్పు లేకుండా వెనకనుంచి చెప్పాడు. ఐదు మాటలూ చెప్పాడు. నా మనవరాలు కూడా అలా చెప్పలేదు. నాకు ఎంత గర్వమేసిందో.

రెండోవారం నుంచి తప్పులు మొదలయ్యాయి. ఐదంకెల దాకా బాగానే చెప్పేవాడు. ఆరంకెల వరుస రాగానే చివరి రెండూ తారుమారు చేసేవాడు. మాటల్లో ఎప్పుడూ మూడోదీ ఐదోదీ మర్చిపోయేవాడు.

నేను చెక్క గరిటెతో బల్ల మీద కొట్టాను. "ఏంది అబ్బాయ్, మొన్న వచ్చింది ఇవాళ రాకపోవడమేంది? బుర్ర ఎక్కడ పెట్టి కూర్చున్నావు?"

"అమ్మమ్మా, దిస్ ఈజ్ గుడ్" అన్నాడు నవ్వుతూ. "ఎప్పుడూ అదే తప్పు, అదే చోట. మీరు మార్కు పెట్టండి."

నేను పెన్సిలుతో గుర్తు పెట్టేదాన్ని, ఎక్కడ తప్పితే అక్కడ. మూడువారాలయ్యేసరికి ఆ గుర్తులన్నీ కాగితం మీద ఒకే గీతలో, పాపిట తీసినట్టు పడ్డాయి. అతను ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసుకుని సంతోషపడ్డాడు. నాకు వింతగానే అనిపించింది. వాళ్ళ పరీక్షలు ఎలా ఉంటాయో నాకేం తెలుసు అనుకుని ఊరుకున్నాను. పరీక్ష అయిన రోజు మామిడిపళ్ళ పెట్టె తెచ్చాడు. అంత ఖరీదు పెట్టినందుకు తిట్టి, పళ్ళు తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పళ్ళు తిన్న నోటి మీద నాకే అసహ్యం.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం అల్లుడి స్నేహితులు ఆట చూడటానికి మా ఇంట్లో చేరారు. సోఫా నిండా మనుషులు, కార్పెట్ నిండా చిప్సు. పక్కింటి అబ్బాయి ఆడుతున్నాడు కదా అని, వాళ్ళకి పకోడీలు వేసి, నేనూ ఒక మూల నిలబడ్డాను. అతను ఎదుటివాణ్ణి పట్టుకోబోయాడు. వాడి తుంటి ఎముక ఇతని కణతకి తగిలి నెత్తురు కారింది. గడ్డి మీద పడి కాసేపు కదల్లేదు. లేచాక రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరో వచ్చి లోపలికి నడిపించుకుపోయారు.

ఆ దెబ్బని టీవీవాళ్ళు ఐదుసార్లు చూపించారు. మెల్లగా, ఇంకా మెల్లగా, చెంప మీద చర్మం అల వచ్చినట్టు కదలడం కూడా కనపడేలా. సోఫాలో వాళ్ళు "ఓహ్! బ్యూటీ!" అని చప్పట్లు కొట్టారు. మధ్యలో పందేలు కాయమని ఒక ప్రకటన, ఒక పిల్ల నవ్వుకుంటూ చెప్పింది. ఛీ. ఎద్దు పడిపోతే కూడా మావైపు మనుషులు పరుగెత్తి నీళ్ళు చల్లుతారు.

పావుగంటకి అతను మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చేశాడు.

"ఆంటీ, చూడండి మీవాడు! టెస్ట్ పాసైపోయి వచ్చేశాడు" అన్నాడు ఒకాయన, నోట్లో నా పకోడీ పెట్టుకుని.

"ఏం టెస్టు నాయనా?"

మా అమ్మాయి చెప్పింది. "తలకి దెబ్బ తగిలితే లోపల ఒక టెస్ట్ పెడతారమ్మా. నంబర్లు చదువుతారు, వెనకనుంచి చెప్పాలి. మాటలు గుర్తుపెట్టుకోమంటారు, బ్యాలెన్స్ చూస్తారు. సీజన్ మొదట్లో మంచిగా ఉన్నప్పుడు ఎంత స్కోరొచ్చిందో రాసిపెట్టుకుంటారు. ఇప్పుడొచ్చింది దానికి సరిపోతే బ్రెయిన్ ఓకే అన్నట్టు, మళ్ళీ ఆడొచ్చు."

నా చేతిలో ఇంకా పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళి, ఏ బల్ల దగ్గర కూర్చుని అంకెలు చదివానో ఆ బల్ల ముందే నిలబడ్డాను. మంచిగా ఉన్నప్పుడే తక్కువ చెప్పి రాయించుకున్నాడు. బుర్ర చెదిరినప్పుడు వచ్చే తక్కువ దానికి సరిపోతుంది. నాలుగో తరగతి చదివినదానికి కూడా ఆ లెక్క అర్థమైంది. తప్పులు గీత మీద పడేదాకా గరిటెతో కొట్టి నేర్పించింది నేను.

ఆ వారం అతన్ని కనిపెట్టి చూశాను. సోమవారం చెత్తబిన్ను రోడ్డు మీద పెట్టాడు, లోపలికి తెచ్చాడు, మళ్ళీ పెట్టాడు. మా వీధిలో చెత్తబండి వచ్చేది గురువారం. వాళ్ళ ఇంట్లో కర్టెన్లన్నీ పగలే వేసేశారు. బుధవారం నేను బట్టలు ఆరేస్తుంటే డ్రైవ్‌వేలో అతని కారు ఇంజను ఆడుతోంది. బట్టలన్నీ ఆరేసి, గోంగూర కోసి, కడిగి, మళ్ళీ బయటికి వచ్చినా ఆడుతూనే ఉంది. పెట్రోలు అలా కాలిపోతుంటే నా ప్రాణం ఆగదు. వెళ్ళి అద్దం మీద కొట్టాను.

"అబ్బాయ్, లోపలికి వెళ్తున్నావా, బయటికి వెళ్తున్నావా?"

అతను స్టీరింగు వైపు చూశాడు, ఇంటివైపు చూశాడు. "తెలియట్లేదు అమ్మమ్మా" అన్నాడు. నవ్వాడు కూడా.

చెయ్యి పట్టుకుని మా వంటగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. జనవరి నుంచీ నా దగ్గరే ఉండిపోయిన కాగితం తీశాను. నాలుగంకెల వరుస చదివాను. రెండు చెప్పి ఆగాడు. ఇంకోటి చదివాను. మొదటి అంకె కూడా రాలేదు. గొడుగు, నిమ్మకాయ చెప్పి పది నిమిషాలు కాదు, రెండు నిమిషాలకే అడిగాను. "ఏ మాటలు?" అన్నాడు. నేను పెన్సిలుతో గుర్తులు పెడుతూనే ఉన్నాను. అవి ఈసారి ఒక గీతలో పడలేదు, ఎక్కడపడితే అక్కడ పడ్డాయి.

"నన్ను మోసం చేశావు" అన్నాను.

తలొంచుకున్నాడు. "అందరూ చేస్తారు అమ్మమ్మా."

"అందరి సంగతి నాకొద్దు. నాతో చేయించావు. ఆదివారం మళ్ళీ ఆడతావా?"

"ఆడాలి. ఈ ఆగస్టులో ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టిస్తారు. తల దెబ్బని రాస్తే పెట్టించరు. సంవత్సరం చివర్లో మా దేశం జట్టు ఆటలున్నాయి. ఆ నీలం జెర్సీ వేసుకుని నిలబడితే మా ఊరు మొత్తం రేడియో దగ్గర కూర్చుంటుంది. మా వాళ్ళంతా నా మీదే ఆధారపడి ఉన్నారు. నాకు చదువు లేదు అమ్మమ్మా. ఈ ఒళ్ళు తప్ప ఇంకేం లేదు."

"నాకూ చదువు లేదు. మొగుడు పోయాక పొగాకు కొట్టంలో ఆకు తుంచి పిల్లని డాక్టర్ని చేశాను. ఒళ్ళు అరిగింది. బుర్ర మాత్రం ఎవడికీ తాకట్టు పెట్టలేదు. నువ్వే మీ డాక్టరుకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"ప్లీజ్ అమ్మమ్మా" అన్నాడు. అంత మనిషి. వెళ్ళేటప్పుడు నేను కూర్చునే ఉన్నాను. నా ముందు నుంచి వంగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు గారెలు వేసి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి తెల్లగౌను ఇస్త్రీ చేసుకుంటోంది. నా తల మీద వేళ్ళతో తట్టి, కొడుకు గదివైపు చూపించి, కాదు, వద్దు, బాగాలేదు అని సైగలు చేశాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఐ నో" అంది. "ఐ ప్రే."

తెలుసట. నాకు ఒళ్ళు మండింది. తెలిసి చేమాకు వండుకుంటూ కూర్చుందా? ఏం తల్లి? "ప్రే చాలదు. స్టాప్" అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసి, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "యువర్ డాటర్, డాక్టర్. ఈజీ ఫర్ యూ."

గారెల పళ్ళెం అక్కడే పెట్టి వచ్చేశాను. ఆమె అన్నది అబద్ధం కాదు. అయినా ఆమె మీద రోత పోలేదు.

సాయంత్రం మా అమ్మాయితో చెప్పాను.

"అమ్మా, నువ్విందులో వేలు పెట్టకు" అంది, ఫోను చూసుకుంటూనే. "హి ఈజ్ నాట్ మై పేషెంట్. ప్రైవసీ అనేది ఉంటుంది. అతను అడల్ట్, అతనిష్టం."

"అంకెలు చదివింది నేను కదే."

"అప్పుడు నీకు తెలియదుగా. తెలియక చేశావు."

"ఇప్పుడు తెలిసిందిగా?"

"సో వాట్ కెన్ యూ డూ? రేపు వాళ్ళ ఎదురుగా ఎలా తిరుగుతావు? నైబర్స్ అమ్మా."

పొగాకు ఘాటుకి చేతులు మండుతుంటే కన్నీళ్ళు తుడుచుకుంటూ నేను చదివించిన చదువు నాకు ఇచ్చిన జవాబు ఇది.

శనివారం క్లబ్బువాళ్ళు గ్రౌండులోకి జనాన్ని రానిచ్చే రోజు. ఆటగాళ్ళతో ఫోటోలు దిగొచ్చు, సంతకాలు పెట్టించుకోవచ్చు. మనవరాలి కోసం వీళ్ళు బయల్దేరుతుంటే నేనూ కారెక్కాను. నేను ఎక్కడికీ రానని అంటుంటాను కదా, వీళ్ళు సంతోషపడ్డారు. పెన్సిలు గుర్తుల కాగితం మడిచి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

మొహాలకి రంగులు పూసుకున్న పిల్లలు, సాసేజీల పొగ, కాళ్ళ కింద టమాటా సాసు. క్లబ్బు చొక్కా వేసుకున్న ఒక ఎర్రమొహం పెద్దమనిషి కనపడితే కాగితం చూపించి చెప్పాను. "టెస్ట్. హీ చీట్. ఐ టీచ్. నౌ హెడ్ బ్యాడ్."

అతను కాగితం చూసి, నేను చెప్పిన ఆటగాడి పేరు విని, నవ్వాడు. నా భుజం మీద తట్టాడు. "డార్లింగ్, వాళ్ళంతా చేసేదే అది. మీరు సాసేజీ తిన్నారా?"

నా భుజాన్ని ఎవరూ అలా తట్టలేదు ఇంతవరకూ. అతని చెయ్యి తీసి పక్కన పెట్టాను. వాళ్ళకి తెలుసు. తల్లికి తెలుసు, క్లబ్బుకి తెలుసు, తోటి ఆటగాళ్ళకి తెలుసు. తెలియనిది అంకెలు చదివిన నాకొక్కదానికే.

అప్పుడు వెనక ఎక్కడో బల్ల దగ్గర కూర్చున్న ఒక ఆడమనిషి లేచి వచ్చింది. మెడలో కార్డు. తను క్లబ్బు డాక్టర్ని, ఈ ఏడే చేరానని చెప్పింది. కాగితం అడిగి తీసుకుంది. జనవరి వరుసలు చూసింది, కింద ఈ వారం వరుసలు చూసింది.

"ఈ గుర్తులు పెట్టింది ఎవరు?"

"ఐ మార్క్" అన్నాను.

"ఎప్పుడు?"

"దిస్, సమ్మర్. దిస్, వెడ్నెస్‌డే."

ఆమె నవ్వలేదు. ఎర్రమొహం మనిషి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాగితాన్ని ఉంచుకోవచ్చా అని నన్నడిగింది. ఉంచుకోమన్నాను. ఆమెకి అందిస్తూ తలెత్తి చూస్తే, ముప్ఫై అడుగుల దూరంలో అతను కుర్చీలో కూర్చుని పిల్లల చొక్కాల మీద సంతకాలు పెడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. కాగితాన్ని గుర్తుపట్టాడు. ఒక పిల్ల వీపు చూపించి నిలబడి ఉంది. ఆ పిల్ల చొక్కా మీద సంతకం పూర్తిచేసి, ఇంకో పిల్లని రమ్మన్నాడు.

ఆ ఆదివారం అతను ఆడలేదు. బయట ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. తలని ఫోటోలు తీశారు, మూడువారాలు ఏవేవో పరీక్షలు పెట్టారు. చివరికి, ఇంక ఆడితే మాట కూడా పడిపోవచ్చని తేల్చి, ఆట మాన్పించారు. క్లబ్బువాళ్ళు కాగితం మీద గౌరవంగా రాసి ప్రకటించారట, ఆరోగ్య కారణాల వల్ల విరమించుకుంటున్నాడని. పై ఆదివారానికే అతని నంబరు చొక్కా ఇంకో అబ్బాయి వీపు మీద ఉంది. వాడూ ఆ దీవుల నుంచి వచ్చినవాడే. పంతొమ్మిదేళ్ళట.

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో భోజనాలకి వెళ్తే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. "ఆంటీ, మీరేనట కదా కంప్లెయింట్ ఇచ్చింది? ఫైనల్స్‌కి వెళ్ళేవాళ్ళం. సీజన్ మొత్తం పోయింది." ఆ మనిషి ఏమయ్యాడని ఒక్కరు అడగలేదు. ప్లేటులో సగం బిర్యానీ వదిలేసి బిన్నులో పారేస్తూ నాతో ఈ మాటలు.

పక్కింటి నుంచి ఆదివారాల పళ్ళెం రావడం మానేసింది. నా గారెల పళ్ళెం కూడా తిరిగి రాలేదు. అతను ఫెన్సు దగ్గర కూర్చోవడం మానేశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి ఎక్కడో ఫర్నిచర్ గోడౌన్‌కి పనికి పోయేవాడు, మధ్యాహ్నానికి వచ్చేవాడు. కారు నడపొద్దన్నారట. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. నేను తల తిప్పుకోలేదు.

సెప్టెంబరులో ఒక ఆటకి ముందు అతన్ని గ్రౌండులో నిలబెట్టి పది నిమిషాలు చప్పట్లు కొట్టించారు. తలుపంత గాజు ఫ్రేములో అతని చొక్కా బిగించి చేతికిచ్చారు. మా వాళ్ళు టీవీలో చూశారు. నేను చూడలేదు.

రెండువారాలకి కౌన్సిల్ వాళ్ళు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్ళు, పాత సామాను ఎత్తుకుపోయే రోజు వచ్చింది. అందరూ విరిగిన కుర్చీలూ పరుపులూ రోడ్డు పక్కన పెడతారు. సాయంత్రం నడకకి వెళ్తే పక్కింటి ముందు ఆ ఫ్రేము కనపడింది. గాజుకి గీత కూడా లేదు. బంగారు రంగు అంచున్న మంచి చెక్క. నేను ఒంగి దాన్ని ఎత్తబోయాను. నా వల్ల కాలేదు.

తలుపు తీసుకుని అతను బయటికొచ్చాడు.

"ఇంత మంచి అద్దం పారేస్తారా?" అన్నాను.

"అమ్మ దాన్ని చూసి ఏడుస్తోంది. మీరు తీసుకోండి."

"నా మీద కోపం పోయిందా?"

"లేదు అమ్మమ్మా."

"సరే. ఆ చివర పట్టుకో."

ఇద్దరం మోసుకొచ్చి మా గరాజ్‌లో పెట్టాం. వెనక మరలు అతనే స్క్రూడ్రైవరుతో తీశాడు. గాజు తియ్యగానే వాసన గుప్పుమంది. ఆ చొక్కాని ఉతకలేదు. ఆ జూన్ ఆదివారం వేసుకున్నదేనట. మెడ దగ్గర ఎండి నల్లబడిన నెత్తురు, భుజం మీద మట్టి, చంకల్లో చెమట ఉప్పు కట్టి తెల్లగా. అలాగే పరిచి గాజు బిగించారు.

"ఉతక్కుండానా?"

"కావాలనే. అలా ఉంటేనే విలువ అంటారు" అన్నాడు.

ఒక మనిషి బుర్ర చెదిరిన రోజు కారిన నెత్తురుని బంగారు అంచు కట్టి అతని చేతికే ఇచ్చారు. గోడకి తగిలించుకుని రోజూ చూసుకోమని. నా జీవితంలో అంత అసహ్యమైన వస్తువుని నేను పట్టుకోలేదు. బకెట్లో చన్నీళ్ళు పట్టి, రెండు గుప్పిళ్ళు ఉప్పు వేసి చొక్కాని ముంచాను. అతను మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. నీళ్ళు ఎర్రబడితే పారబోశాను. మళ్ళీ పట్టాను. మూడోసారికి సబ్బు పెట్టి రుద్దాను. ఆ నీళ్ళు మాత్రం గోంగూర మొక్కలకి పొయ్యలేదు, తూములోనే పోశాను.

మర్నాడు పొద్దున దండెం మీద ఆరేశాను. పదకొండింటికి పెరటి గేటు చప్పుడైంది. తల్లి వచ్చింది. నాకేసి చూడలేదు. దండెం దగ్గరికి వెళ్ళి చొక్కా మెడపట్టీని తిప్పి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. క్లిప్పులు తీసి చొక్కాని మడిచి చంకలో పెట్టుకుంది.

నేను వంటగది గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఆమె వెళ్ళేముందు వచ్చి, రెండు క్లిప్పులూ నా చేతిలో పెట్టి వెళ్ళింది.